మంచుచెప్పులు – పత్తినేల

తెలుగు సాహిత్యంలో మంచుకొండకు వెళ్ళినవారిలో అందరికన్న ప్రసిద్ధుడు ప్రవరుడు. పెద్దన మనుచరిత్ర చదివినవారందరికీ ఆ కథ తెలిసినదే. సిద్ధుడొకడు కాలికి పసరు పూస్తాడు, ఈ గృహస్థు పైసా ఖర్చు లేకుండా క్షణంలో హిమాలయం చేరుకుంటాడు, తీరా తిరిగి రాబోతే కరిగిన మంచునీటికి ఆ పసరు కాస్తా కొట్టుకుపోయి ఉంటుంది. వరూధిని అందంలో పడి మనం ఈ చిన్న సంగతిని అంతగా పట్టించుకోము గాని, ఆలోచిస్తే కథకంతటికీ మూలం అదే. మంచు మీదికి పోయినవాడి పాదాలకు ఉన్నది మంచుకు తట్టుకునేది కాదు!

ఆ కావ్యాన్ని అంకితం పొందిన కృష్ణరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్నాడు. ఆ ఉదయగిరికి ఉత్తరాన, ఒకప్పుడు అదే నెల్లూరు జిల్లాలో ఉండి 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు (తరువాతి ప్రకాశం) జిల్లాలోకి వచ్చిన ఊరు కనిగిరి. కొండ, కోట, మెట్టపొలాలు, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. ఇక్కడివారి నోట "మంచు" అంటే మార్గశిరంలో కందిచేల మీద పడే తేమ, లేదా తెల్లవారుజామున ఒంగోలు దారిలో బస్సుకు అడ్డుపడే పొగ. తెలుగులో ఆ పొగకూ, గడ్డిమీది బిందువుకూ, హిమాలయం మీది ధవళరాశికీ ఒకటే మాట. అవసరం పడని చోట భాష పదాలను వృథాగా పుట్టించదు మరి.

కాని ఇప్పుడు ఆ అవసరం పడుతున్నది. ఈ మెట్టనేల పిల్లలు మిన్నెసోటాలోనో, మిషిగన్‌లోనో, కెనడాలోనో చదువులకూ ఉద్యోగాలకూ చేరి, మొదటి శీతకాలంలోనే మోకాటిలోతు మంచును ఎదుర్కొంటున్నారు. దాని మీద నడవడం ఒక వినోదమనీ, దానికి "స్నోషూ" అనే ప్రత్యేకమైన పాదరక్ష ఉన్నదనీ తెలుసుకొని, దాని వెల చూచి వెనుకాడుతున్నారు. దీనిని నేను మంచుచెప్పు అంటాను. ఇది కలవారి ఆటవస్తువా? చరిత్ర కాదంటుంది. పొదుపు ఎక్కడ చేయవచ్చునో, ఎక్కడ చేయరాదో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

సూత్రం చాలా చిన్నది. డెబ్బై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలిస్తే, రమారమి 200 చదరపు సెంటీమీటర్ల అరికాలు ఆ బరువంతా మోస్తుంది. చదరపు సెంటీమీటరుకు 350 గ్రాములన్నమాట. అదే కాలి కింద అరవై సెంటీమీటర్ల పొడవూ ఇరవై వెడల్పూ ఉన్న చట్రం కడితే ఆ ఒత్తిడి అరవై గ్రాములలోపుకు దిగుతుంది. కాలు పూర్తిగా తేలిపోదు గాని, మోకాటి దాకా దిగవలసినది నాలుగైదు అంగుళాల దగ్గర ఆగుతుంది. వానపడిన నల్లరేగడిలో అడ్డంగా ఒక చెక్క వేసుకొని దాటిన రైతుకు ఈ లెక్క వివరించనక్కరలేదు.

ఈ జ్ఞానం ఎంత పాతదో 2016లో లోకానికి తెలిసింది. ఆ కథ ముచ్చటైనది. ఇటలీ సైనిక భూగోళ సంస్థలో పటాలు గీసే సిమోన్ బార్తొలీని 2003లో ఆల్ప్స్ పర్వతాలలో, ఆస్ట్రియా సరిహద్దున, సముద్రమట్టానికి 3,134 మీటర్ల ఎత్తున హిమనదం అంచులో ఒక పాత మంచుచెప్పును చూచాడు. నూరేళ్ళ కిందటి రైతుదేదో అనుకొని తన కార్యాలయంలో జ్ఞాపికగా పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు గడిచిన తరువాత అనుమానం వచ్చి పురావస్తు శాఖకు అప్పగిస్తే, కర్బన పరీక్షలో అది క్రీస్తుపూర్వం 3800–3700 నాటిదని తేలింది! మన భూర్జవృక్షపు జాతికే చెందిన బర్చ్ కొమ్మను వంచి, తాళ్ళు బిగించి కట్టినది. ఐదువేల ఎనిమిది వందల ఏళ్ళనాటి ఆ పనివాడు పెట్టిన పెట్టుబడి ఒక కొమ్మ, కొంత తాడు, ఒక పూట శ్రమ.

గ్రీకులు ఈ విద్యను కొండవాసుల దగ్గర నేర్చుకున్నారు. క్రీ.పూ. 401–400 శీతకాలంలో ఆర్మేనియా కొండల మీదుగా వెనుదిరిగిన సైన్యం గురించి జెనొఫన్ రాస్తూ, మంచులో పోయేటప్పుడు గుర్రాల కాళ్ళకు చిన్న సంచులు చుట్టమని అక్కడి గ్రామపెద్ద చెప్పాడనీ, లేకుంటే అవి పొట్టదాకా దిగబడేవనీ అంటాడు. స్ట్రాబో కాకసస్ పర్వతవాసుల గురించి రాసింది ఇంకా ఆసక్తికరం. వారు పచ్చి ఎద్దుతోలుతో డప్పుల వలె వెడల్పైన చెప్పులు చేసి, కింద ముళ్ళు బిగించి కొండ ఎక్కేవారట. తోలును సాగదీసి డప్పు మూయడమూ, చెప్పు కుట్టడమూ ఒకే చేతి పనిగా ఉన్న మన పల్లెలలో ఈ ఉపమానం వెంటనే అర్థమవుతుంది.

ఈ విద్యకు పరాకాష్ఠ ఉత్తర అమెరికా ఆదివాసులది. యాష్ కర్రను ఆవిరికి మెత్తబరచి వంచి చట్రం చేయడం సాధారణంగా పురుషుల పని, పచ్చితోలు పట్టీలతో దాని నడుమ వల అల్లడం స్త్రీల పని. అచ్చంగా మన నులకమంచానికి చిట్టి రూపం. పొదలలో మసలేందుకు పొట్టివి, బయలు మంచు మీద పోయేందుకు పొడవువి, ఇలా తెగతెగకూ, నేలనేలకూ వేరే ఆకారం. ఐరోపా నుంచి వచ్చిన బొచ్చుతోళ్ళ వర్తకులూ సైనికులూ ఇవి తొడుగుకొనే ఆ ఖండంలో శీతకాలం గడపగలిగారు. 1758 మార్చిలో జార్జి సరస్సు దగ్గర ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ జరిగిన ఒక పోరుకు "మంచుచెప్పుల మీది యుద్ధం" అన్న పేరే నిలిచింది.

ఇక అవసరం విలాసంగా మారిన ఘట్టం. 1840ల తొలినాళ్ళలో మాంట్రియల్ పెద్దమనుషులు మంచుచెప్పుల సంఘం ఒకటి స్థాపించారు. దుప్పటి గుడ్డతో కుట్టిన కోటు, నీలి కుచ్చుటోపీ, రాత్రివేళ దివిటీలతో రాయల్ కొండ మీదికి నడక. పందేలలో మాత్రం ఆ చెప్పును కనిపెట్టినవారి సంతతికి వేరే పరుగు పెట్టేవారు. దొరలకు పతకాలు, ఆదివాసులకు డబ్బు బహుమానాలు. డబ్బు తీసుకున్నాడు గనుక వాడు ఔత్సాహికుడు కాడన్న తర్కం ఆ తరువాత వచ్చింది. వస్తువు ఖరీదు పెరగకముందే దాని చుట్టూ గోడ లేచిందని గమనించాలి. అల్యూమినియం చట్రాలు వచ్చింది చాలా ఆలస్యంగా, 1970లలో, వాషింగ్టన్ రాష్ట్రపు ప్రేటర్ సోదరులు "షెర్పా" పేరుతో చేసినవాటితో. ఇవాళ దుకాణంలో మనను బెదిరించే ధర ఈ చివరి యాభై ఏళ్ళది మాత్రమే.

మన దేశంలోనూ పేదవాడి మంచుచెప్పు ఉన్నది. కాశ్మీరంలో వరిగడ్డిని పేని అల్లే పాదరక్షను "పుల్‌హోర్" అంటారు. అది మంచుమీద జారదు. అరిగిపోతే పారవేసి మరొకటి అల్లుకోవడమే. గడ్డివాము ఉన్న ప్రతి ఇల్లూ దుకాణమే.

కనుక పాదం దగ్గర పొదుపు చేయవచ్చును. ఒంటిమీది బట్ట దగ్గర చేయరాదు. పత్తి పండించే మనవారు జాగ్రత్తగా వినవలసిన మాట ఇదే. నూలు చెమటనూ కరిగిన మంచునూ పీల్చి వదలదు, తడిసిన నూలుకు వెచ్చదనం నిలిపే గుణం పోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చగా ఉంటుంది. విచిత్రమేమిటంటే మన నెల్లూరు గొర్రెకు ఉన్నే లేదు, ఉన్నదంతా పొట్టి వెంట్రుక. మన కాపరి భుజాన కనిపించే నల్లగొంగడి దక్కని గొర్రెది. పత్తీ, వెంట్రుకల గొర్రే ఎండకు సరిపడే సంపద. మంచు దగ్గర ఆ రెండూ పనికిరావు.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 1962 అక్టోబరులో నంకా చూ నది దగ్గర, 14,000 అడుగులు దాటిన త్సాంగ్‌ధార్ పరిసరాలలో మన సైనికులలో చాలామందిని నూలు యూనిఫారాలతో, కాన్వాసు బూట్లతో నిలబెట్టారు. అక్కడి బ్రిగేడ్‌కు నాయకత్వం వహించి బందీ అయిన బ్రిగేడియర్ జె.పి. దాల్వీ 1969లో ప్రచురించిన "హిమాలయన్ బ్లండర్"లో ఈ దుస్థితిని వివరంగా నమోదు చేశాడు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా దాడి మొదలు కాకముందే చలి తన పని మొదలుపెట్టింది. బట్టలో చేసిన పొదుపుకు మూల్యం ఎవరు చెల్లించారో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 2014 మే 25. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకముందే, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. మొదటి పాఠం భువనగిరి ఎండరాతి మీద, తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లదాఖ్ చలి. ఎవరెస్టు మీద కట్టేది మంచుచెప్పు కాదు, స్ట్రాబో చెప్పిన ముళ్ళకు వారసులైన ఉక్కు కోరలు. అయినా ఇక్కడ పోల్చవలసినది పరికరాన్ని కాదు. ఇద్దరు పేద పిల్లలకు సరైన బట్ట, సరైన బూటు, తగిన శిక్షణ ఇచ్చి పంపితే ఏమవుతుందో తెలిసింది. లోటు ఏనాడూ ఒంటి సత్తువలో లేదు.

కాబట్టి మొదటిసారి వెళ్ళే మిత్రులకు నాలుగు మాటలు. మంచుచెప్పులు కొనవద్దు, అద్దెకు తీసుకోండి. మిన్నెసోటా రాష్ట్రపు ఉద్యానవనాలలో, అనేక విశ్వవిద్యాలయాల క్రీడాకేంద్రాలలో అవి స్వల్ప రుసుముకు దొరుకుతాయి. మీ బరువుకు (వీపు సంచితో సహా) తగినవి అడగండి. నీరు దిగని మామూలు బూటు చాలు. మిగిలిన డబ్బు ఉన్ని మేజోళ్ళకూ, ఒంటినంటి ఉండే పాలియెస్టర్ బనీనుకూ పెట్టండి. జీన్స్ వద్దు, అదీ పత్తే! కాళ్ళు కొంచెం ఎడంగా వేసి నడవండి. తొలిసారి సమతలపు బాట చాలు, నిటారు వాలుల కిందికి పోవద్దు. మన దేశంలోనే చూడదలచినవారికి 1954లో పుట్టిన డార్జిలింగ్ సంస్థా, 1965 నాటి ఉత్తరకాశీ సంస్థా ఉన్నాయి. శిక్షణ రుసుములోనే పరికరాలూ ఇస్తారు.

ఇక మిగిలింది మాట. పొగకూ, తేమకూ, ధవళరాశికీ ఒకే పేరుతో నెట్టుకొస్తున్నాము. అక్కడ కాలు మోపిన తెలుగువారు పొడిమంచుకూ, తడిమంచుకూ, పైన పెళుసుబారి కింద మెత్తగా ఉండే మంచుకూ వేరువేరు పేర్లు పెట్టి పంపితే, కనిగిరి కందిచేలలో కూర్చుని మేమూ నేర్చుకుంటాము.