తారుమారైన కుడి ఎడమలు: అమెరికా అంతర్యుద్ధ పునరభినయంలో పదాతి సామగ్రి

అమెరికా అంతర్యుద్ధ (1861-65) ఘట్టాలను పునరభినయించేవారు ఉత్తర సైన్యపు పదాతి వేషధారణకు ఆనాటి ఛాయాచిత్రాలను ఆధారంగా గ్రహిస్తుంటారు. అయితే రేకుపై తీసిన టిన్‌టైప్ చిత్రాలలో కుడి ఎడమలు తారుమారవుతాయి. 40 తూటాలు పట్టే తోలుపెట్టె సైనికుని కుడి తుంటిపై ఉండేది. చిత్రంలో ఎడమన కనిపిస్తుంది. నడికట్టు బిళ్ళపై అక్షరాలు తిరగబడి ఉంటే ఈ సంగతి బయటపడుతుంది. చిక్కేమిటంటే, చిత్రం సరిగా రావాలని కొందరు సైనికులు సామగ్రినే అటూఇటూ మార్చి తగిలించుకున్నారు! కనుక చిత్రంకన్నా కవాతు నియమమే గట్టి సాక్ష్యం. కాగితపు తూటాను తీసి, పళ్ళతో చించి, తుపాకి గొట్టంలో మందు పోసేది కుడిచెయ్యి; పేలుడు క్యాపుల సంచి నడికట్టుకు కుడివైపు ముందుభాగాన ఉండడానికీ కారణమిదే. బాయొనెట్, నీళ్ళ బుడ్డి, తిండిసంచి ఎడమన వేలాడేవి. పట్టీ మరీ పొడవై ఆ సంచి తొడకు కొట్టుకుంటూంటే, బట్ట ఎంత అచ్చమైన నమూనా అయినా, దానితో దూరం నడవడం కష్టం.