ఉతికినా పోని గీతలు

డ్రాయింగ్ మాస్టారు గుర్తున్నారు కదా? కుడివైపు కింది మూలలో పేరు, నంబరు, తేదీ లేకపోతే బొమ్మ ఎంత బాగున్నా రెండు మార్కులు కోసేవారు. ఆ మూల విలువ నాకు 2009 వరదలో తెలిసింది.

అప్పుడు నేను కర్నూలులోనే ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. కాలువల మీది వంతెనలు, తూముల డ్రాయింగులు మూడు తరాలవి అక్కడ ఉండేవి. పెద్ద డ్రాయింగు దాచడం తేలిక కాదు. ఏ-జీరో షీటు 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 పొడవు. అంటే ఒక చదరపు మీటరు. చుట్టి డబ్బాలో పెడితే విప్పాక బల్ల మీద నిలవదు. మడిస్తే మడత దగ్గర గీతలు పోతాయి. అందుకని అసలు ప్రతిని వెడల్పాటి సొరుగుల్లో పరిచి ఉంచి, సైటుకు వెళ్ళే ప్రింటునే ఆ మూల పైకి కనబడేలా మడిచేవాళ్ళం.

పాతరోజుల్లో అసలు ప్రతి గుడ్డ మీదే. సన్నటి గుడ్డకు గంజి పట్టించి నునుపు చేసిన ట్రేసింగ్ క్లాత్ మీద ట్రేసర్లు ఇండియన్ ఇంకుతో గీసేవారు. దాని కింద మందు పూసిన కాగితం పెట్టి, ఎండ చూపించి, నీళ్ళలో కడిగితే నీలం మీద తెల్లగీతలు తేలేవి. అదే బ్లూప్రింటు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. అమ్మోనియా ప్రింట్లు ఆ తర్వాతివి. ఆ ఘాటుకు కళ్ళు మండని ఇంజనీరు నా వయసువాళ్ళలో ఉండడు.

గుడ్డ ప్రతులుండగా పాత బ్లూప్రింట్లు దండగ, తీసేద్దామని 2007లో నోటు పెట్టింది నేనే. పుణ్యాన ఆ ఫైలు కదల్లేదు.

అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చాయి. మీలో చాలామంది ఇళ్ళు కూడా మునిగాయి. నీళ్ళు తీశాక సొరుగులు లాగితే గంజి కరిగిపోయి, దాంతోపాటే ఇంకూ పోయి, తడి పంచెల కుప్పలా ఉంది. పాడైన ట్రేసింగ్ క్లాత్ ఉతికి జేబురుమాళ్ళు చేసుకునేవారని పాత ట్రేసర్లు చెబితే నవ్వేవాణ్ణి.

బ్లూప్రింట్లు మాత్రం నీళ్ళలో పుట్టినవే కదా! తొట్లలో మంచినీళ్ళు పోసి బురద వదిలిస్తే గీతలు అలాగే ఉన్నాయి. ఎండ తగిలితే వెలుస్తాయని నీడన, దినపత్రికల మధ్య ఆరబెట్టాం. దెబ్బతిన్న కట్టడాలకు మరమ్మతు చేయాలంటే పునాది ఎంత లోతో ఆ కాగితాలే చెప్పాలి.

డ్రాయింగుల రిజిస్టరు అడుగు అరలో నాని ముద్దయింది. ఏ షీటు ఏ కాలువదో ఆ కుడి మూల చూసే వేరుచేశాం. ఆ మూల చిరిగిన షీట్లు పదకొండు మిగిలాయి. అందులో ఒకటి వంతెనది. మూడు కమానులు, రాతికట్టు. ఏ కాలువ మీదిదో ఇప్పటికీ తెలియలేదు.