తలమీద పావుకిలో

కోనసీమలోని మామిడికుదురు మండలం నగరంలో మే నెల మధ్యాహ్నం. గోదావరి పాయల మధ్య కొబ్బరిచెట్ల నీడకి కొదవ లేదు గానీ, ఉక్క మాత్రం తగ్గదు. ఫ్యాన్ కిందే కూర్చున్నా మెడ వెనక చెమట కారుతూ ఉంటుంది. అలాంటి గదిలో ఓ కుర్రాడు చెవులు రెండూ కప్పేసే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతున్నాడనుకోండి. అవతలివాడి అడుగుల చప్పుడు ఎడమ నుంచా, కుడి నుంచా, పైమెట్ల మీద నుంచా అని పోల్చుకోవాలి. అరగంటకి ప్యాడ్ల కింద చెమట పడుతుంది. గంటకి కణతలు లాగుతాయి. ఆట మంచి పట్టులో ఉన్నా సరే, తీసి పక్కన పడేస్తాడు.

కొనేటప్పుడు అతను డబ్బా మీద బాస్ గురించి చదివాడు, రంగు లైట్లు చూశాడు. తలమీద ఎంత బరువు పడుతుంది, చెవికి గాలి ఆడుతుందా అని అడగాలని తోచలేదు. వందేళ్ళు దాటిన హెడ్‌ఫోన్ల చరిత్రలో ముందుకు పడ్డ అడుగులు చాలావరకు ఆ రెండు ప్రశ్నలకు జవాబులే.

అమెరికాలోని యూటాలో నతానియెల్ బాల్డ్విన్ అనే ఆయనకి ప్రార్థనా మందిరంలో ప్రసంగాలు సరిగా వినిపించేవి కావు. ఆ అవస్థే ఆయన్ని ప్రయోగాలకు దింపింది. 1910లో తాను చేసిన హెడ్‌ఫోన్ల జతను, ఊదారంగు సిరాతో రాసిన ఉత్తరంతో సహా అమెరికా నౌకాదళానికి పంపాడు. పరీక్షించి చూస్తే అప్పటికి వాళ్ళ దగ్గరున్న వాటికంటే ఎంతో మెరుగ్గా వినిపించాయి. కావాలని కబురు పెడితే, వంటింట్లో చేస్తున్నాను గనక ఒక్కసారికి పదికి మించి ఇవ్వలేనన్నాడు. నౌకాదళం నుంచి వచ్చిన ఫిర్యాదు ధ్వని మీద కాదు, తలపట్టీ మీద. గంటల తరబడి పెట్టుకుంటే ఒత్తుకుంటోందన్నారు. బాల్డ్విన్ తోలు తొడిగిన రెండు కడ్డీలతో పట్టీని మార్చి ఇచ్చాడు. దానికి పేటెంటు తీసుకోమంటే, అంత చిన్న విషయానికి ఎందుకని వదిలేశాడు. అది చిన్న విషయం కాదని ఇవాళ కణతలు నొక్కుకునే ప్రతివాళ్ళకీ తెలుసు.

తెలుగువాళ్ళ దగ్గరికి హెడ్‌ఫోన్ రేడియోతో పాటే వచ్చింది. కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజులవి. 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడి, జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ కాలపు చవక రేడియో క్రిస్టల్ సెట్టు. గెలీనా రాయి ముక్క మీద సన్నటి తీగ మొనను అటూ ఇటూ జరుపుతూ, మాట దొరికే చోటు వెతుక్కోవాలి. బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఏరియల్ పట్టిన ఆ కాస్త శక్తితోనే చెవిలో పలకాలి కాబట్టి, రెండువేల ఓముల విద్యుత్ నిరోధం ఉన్న హెడ్‌ఫోన్లు వాడేవారు. ఒకరు వింటే పక్కవాళ్ళకి వినపడదు. అందుకే కొందరు హెడ్‌ఫోన్‌ను గిన్నెలో పెట్టి చుట్టూ మూగేవారు.

డబ్బు చాలక క్లబ్ 1927లో మూతపడింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ప్రసారాలు, 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి. ఊళ్ళలో పంచాయతీ రేడియో లౌడ్‌స్పీకరు అందరికీ వినిపించడం మొదలయ్యాక, సామాన్య శ్రోతకి హెడ్‌ఫోన్‌తో పని లేకపోయింది.

దాన్ని పాట కోసం మళ్ళీ ఇంట్లోకి తెచ్చింది మిల్వాకీకి చెందిన జాన్ కాస్. 1958లో ఆయన ఒంటరిగా పాటలు వినే గ్రామఫోను ఒకటి ప్రదర్శనకు పెడితే, జనం దాన్ని వదిలేసి దాంతో ఇచ్చిన స్టీరియో హెడ్‌ఫోన్ల మీద పడ్డారు. పదేళ్ళకి, 1968లో జర్మనీ కంపెనీ సెన్‌హైజర్ హెచ్‌డీ 414 తెచ్చింది. చెవి దగ్గర పసుపుపచ్చ స్పాంజీ, వెనక మూత లేని డబ్బా, బరువు 135 గ్రాములు. గాలి ఆడే హెడ్‌ఫోన్ అంటే ఏమిటో లోకానికి చూపించింది అదే. 1979 జూలై 1న సోనీ వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్ బరువైతే యాభై గ్రాములు కూడా లేదు. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు పెట్టెల్లో టేపు రికార్డర్లు, వాక్‌మన్‌లు మోసుకొచ్చిన రోజులు రాజోలు, అమలాపురం వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇవాళ చెవులు కప్పే హెడ్‌ఫోన్లు మళ్ళీ బరువెక్కాయి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 పావుకిలో తూగితే, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385 గ్రాములు. బరువొక్కటే కాదు, బిగువు కూడా చూడాలి. పట్టీ మరీ బిగుతుగా ఉంటే కళ్ళజోడు కాడలు చెవి వెనక దిగబడతాయి. వదులైతే తల వంచగానే జారిపోతుంది.

కోనసీమకి మాత్రం అసలు చిక్కు ప్యాడ్ల దగ్గర. దుకాణంలో నున్నగా మెరిసే ప్యాడ్లు చాలావరకు తోలు కావు, పాలీయురేథేన్ పూత. చెమట, గాలిలోని తేమ సోకి ఆ పూత నెమ్మదిగా విరిగిపోతుంది. రెండు మూడేళ్ళు వాడిన జతని తీసి చూడండి: అంచున ముందు సన్నటి బీటలు, తర్వాత నల్లటి పొట్టు, ఆ పొట్టు చెవి మడతల్లో అంటుకుని కడిగినా ఓ పట్టాన వదలదు. మఖమల్‌లా మెత్తటి గుడ్డ ప్యాడ్లకి ఈ బాధ లేదు. జర్మనీ కంపెనీ బేయర్‌డైనమిక్ 1985లో తెచ్చిన డీటీ 770ని స్టూడియోల్లో ఇప్పటికీ వాడుతున్నారంటే, గంటలు గంటలు పెట్టుకోనిచ్చే ఆ బూడిదరంగు గుడ్డ ప్యాడ్లు ఒక కారణం. కొనేటప్పుడు ఓముల అంకె మాత్రం చూసుకోవాలి. ఫోనుకి 32 ఓముల రకం చాలు, 250 ఓములదైతే విడిగా ఆంప్లిఫయర్ కావాలి.

వెనక తెరిచి ఉన్న రకం చెవికి చల్లన, ఆటలో శబ్దం ఏ దిక్కు నుంచో తేటగా తెలుస్తుంది. కానీ ఫ్యాన్ మోత లోపలికి వస్తుంది, దాన్ని మించి వినాలని వాల్యూమ్ పెంచుతారు. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమైపోతాయి. కాబట్టి పగలు, ఇంటినిండా జనం ఉన్నప్పుడు గుడ్డ ప్యాడ్ల మూసిన రకమే మేలు. తెరిచిన రకం రాత్రి ఒంటరి గదికి. ఆటకైతే బ్లూటూత్ వద్దు, తుపాకీ పేలాక కాస్త ఆగి చప్పుడు వినిపిస్తుంది. వైరుగానీ, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌గానీ ఉంటే ఆ ఆలస్యం తెలియదు.

దుకాణంలో పాట వినిపించి ఇచ్చేస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. కళ్ళజోడు ఉంటే దానితోనే, పావుగంట పెట్టుకుని, దవడ ఆడిస్తూ మాట్లాడి చూడాలి. ప్యాడ్ చేత్తో లాగితే ఊడొస్తుందా, విడిగా దొరుకుతుందా అని అడగాలి. ఊడొచ్చే గుడ్డ ప్యాడ్లని వారానికోసారి సబ్బునీళ్ళలో మెల్లగా పిండి, వసారాలో దండెం మీద ఆరేసుకోవచ్చు.