అట్రాసిటీ చట్టం: కోర్టు పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి?

చట్టం చేసేది పార్లమెంటు, అమలు చేసేది ప్రభుత్వం, వివాదం వస్తే తేల్చేది కోర్టు. గ్రూప్స్ పరీక్షకు ఈ మూడు ముక్కలు సరిపోతాయి. వాడ మీద దాడి జరిగిన రోజు నుంచి కేసును వెంబడిస్తే మాత్రం గీతలు అంత స్పష్టంగా ఉండవు. అందుకే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

1985 జూలై 17న జరిగిన కారంచేడు మారణకాండ తర్వాత పెరిగిన ఉద్యమాల ఒత్తిడి 1989లో వచ్చిన ఈ చట్టం వెనుక ఉంది. నిందితులకు ముందస్తు బెయిల్ కుదరదని చట్టంలోని 18వ సెక్షన్ చెప్పింది. అది సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ కొందరు కోర్టుకెక్కారు. బయట తిరిగే నిందితులు బాధితుల్ని బెదిరించే ప్రమాదాన్ని గుర్తించి, 1995లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది.

2018 మార్చి 20న అదే సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం దుర్వినియోగమవుతోందంటూ కొత్త షరతులు పెట్టింది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చంది. నిందితుడు ప్రభుత్వోద్యోగి అయితే నియామకాధికారి, కాకపోతే జిల్లా సీనియర్ పోలీసు అధికారి అనుమతి లేకుండా అరెస్టు వద్దంది. పార్లమెంటు చేసిన చట్టంలో ఇవేవీ లేవు. వ్యాఖ్యానించాల్సిన చోట కోర్టు చట్టం రాసిందన్నది మా అభిప్రాయం.

ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలూ పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి ఆ షరతుల్ని తొలగించింది. 2019 అక్టోబర్ 1న, కేంద్రం వేసిన రివ్యూ పిటిషన్‌పై ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, అది శాసనవ్యవస్థ పరిధి అని ఒప్పుకుని ఆ ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఎ చెల్లుతుందని కూడా తీర్పొచ్చింది. అయితే ప్రాథమికంగా కేసే లేదనిపిస్తే ముందస్తు బెయిల్ ఇవ్వొచ్చన్న వెసులుబాటు మాత్రం మిగిలింది. ఇప్పుడు నిందితుల లాయర్లు ఎక్కువగా పట్టుకునేది దాన్నే.

సుప్రీంకోర్టు తీర్పులే న్యాయవ్యవస్థ అనుకుంటే మాత్రం పొరపాటు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు ఏళ్ల తరబడి పోరాడి విచారణ కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించలేకపోయిందంటూ అందర్నీ విడిచిపెట్టింది. సాక్ష్యం సేకరించేది పోలీసులు, దాన్ని కోర్టు ముందు పెట్టేది ప్రభుత్వ న్యాయవాది. ఇద్దరూ కార్యనిర్వాహక వ్యవస్థ మనుషులే. అక్కడ జరిగిన ఆలస్యమూ, నిర్లక్ష్యమూ తీర్పులో 'సందేహం' అన్న పేరుతో కనిపిస్తాయి. దాని లబ్ధి నిందితుడికే.

2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ ఖాళీని కొంత పూడ్చింది. 15ఎ సెక్షన్ ప్రకారం బెయిల్ విచారణతో సహా కేసులో జరిగే ప్రతి ప్రక్రియ గురించి బాధితులకు ముందుగా సమాచారం ఇవ్వాలి, బెయిల్, విడుదల, శిక్ష వంటి విషయాల్లో వాళ్ల మాట వినాలి. ఇది కాగితం మీద మంచి హక్కు. మేం మాట్లాడిన బాధిత కుటుంబాల్లో చాలామందికి, బెయిల్ వచ్చిన సంగతి నిందితుడు ఊళ్లో కనిపించాకే తెలిసింది. అలాంటప్పుడు పనికొచ్చే తీర్పు ఒకటుంది. 2021లో హరిరామ్ భంభీ కేసులో, బాధితుల పక్షానికి నోటీసు ఇవ్వకుండా రాజస్థాన్ హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను సుప్రీంకోర్టు పక్కనపెట్టింది. 15ఎ కింద నోటీసు ఇవ్వడం, మాట వినడం తప్పనిసరి అని స్పష్టంగా చెప్పింది. కేసు పట్టుకుని తిరిగేవాళ్లు ఆ తీర్పు ప్రతి ఒకటి ఫైల్లో ఉంచుకుని, బెయిల్ పిటిషన్ పడిందని తెలిసిన రోజే తమ మాట వినాలని కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి.