మన పితరుల ఒప్పుకోలు – మన ఒప్పుకోలు

కదిరికి సమీపమున కటారుపల్లెలో వేమన యోగి సమాధి యున్నది. తాను నమ్మినదానిని ఎవరికిని వెరవక పలికినవాడని తెలుగువారు నేటికిని ఆయనను తలంతురు. అట్టి మాట విలువ యెరిగిన సీమలో పరిచర్య చేయుచున్న మేము, ఈ నూరేండ్ల పండుగ సందర్భమున, మన పితరులు తమ విశ్వాసమును ఎట్లు బహిరంగముగా ఒప్పుకొనిరో, అందుకు ఏమి వెల చెల్లించిరో చదువరులకు జ్ఞాపకము చేయగోరుచున్నాము.

మనుష్యుల యెదుట తన్ను ఒప్పుకొనువారిని గూర్చి మత్తయి 10:32లో ప్రభువు చేసిన వాగ్దానము మనమందరము చిన్ననాడే కంఠతా నేర్చితిమి. అయితే ఆ మనుష్యులు ఎవరు? మన పితరులకు వారు రోమా అధిపతులు కారు. పని యిచ్చు ఆసామి, అప్పు ఇచ్చు షాహుకారు, లెక్క వ్రాయు కరణము – వీరే ఆ మనుష్యులు. ఉదయమున ఎవరి గడపకు కూలికి పోవలెనో వారి యెదుటనే ఒప్పుకొనవలసి వచ్చెను.

మన రాయలసీమలో లండన్ మిషను వారు 1810లో బళ్లారియందును, 1822లో కడపయందును పని ఆరంభించిరి. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలోనిదే. ఈ ప్రాంతమంతటను సువార్తను ముందుగా అంగీకరించినవారిలో అధిక సంఖ్యాకులు మాలపల్లెల, మాదిగపల్లెల ప్రజలు. వారిలో చాలమంది పేరులు ఏ గ్రంథమునందును లేవు. కాని అట్టివారి ఒప్పుకోలు ఎట్టిదో తెలిసికొనుటకు తూర్పుననున్న ఒంగోలు ప్రాంతపు చరిత్ర మనకు తోడ్పడును. అక్కడ జరిగిన సంగతులను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర విపులముగా వ్రాసి యుంచెను.

ఆ ప్రాంతమున తోళ్ల వ్యాపారము చేయు యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సోదరుడు 1866లో బాప్తిస్మము పొందెను. ఆయన పల్లెపల్లెకు తిరిగి తన వారికి సాక్ష్యమిచ్చెను. క్రొత్తగా చేరిన విశ్వాసులకు నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న సంగతులు. అయితే ఊరి జాతరలో డప్పు కొట్టుట మాదిగవాని విధి. చచ్చిన గొడ్డును ఎత్తుటయు అతని విధి. ఆసామి పిలిచినప్పుడెల్ల పనికి పోవుటయు అతని విధి. ఈ మూడు నియమములను పాటించుట యనగా ఊరి కట్టుబాటునకు ఎదురు నిలుచుటయే.

ఫలితము వెంటనే కనబడెను. పెద్దలు కూలి మాన్పించిరి. నీళ్లు అడ్డగించిరి. చాకలి బట్టలుతుకరాదనియు, కుమ్మరి కుండలమ్మరాదనియు కట్టడి చేసిరి. చదువుగాని భూమిగాని లేని ఆ జనులు వేదికలెక్కి ప్రసంగములు చేయలేదు. డప్పు ముట్టకపోవుటయే వారి ప్రసంగము. ఆదివారమున ఇంటనుండుటయే వారి సాక్ష్యము.

అన్నము కొరకే క్రైస్తవులైరని వారిని నిందించువారు ఆనాడును ఉండిరి, నేడును ఉన్నారు. ఈ నిందకు జవాబు 1876–78 నాటి గొప్ప కరవులోనే దొరకును. ఆ కరవు మన సీమను కూడ ఘోరముగా పీడించెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించెను. అయినను సహాయమును ఆశించి ఎవరును రాకుండునట్లు, ఆ పని సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు ఎరిగిన కదిరి ప్రజలకు ఈ సంగతి యొక్క బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

1912లో దోర్నకల్ అధ్యక్షులైన వి. ఎస్. అజరయ్యగారు ఈ సాక్ష్యమును మరియొక మెట్టు ఎక్కించిరి. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించుట తనపై మోపబడిన భారమని, 1 కొరింథీయులకు 9:16లోని పౌలు మాటలతో ప్రమాణము చేయవలెనని ఏర్పాటు చేసిరి. చదువురాని కూలివాడును సాక్షియే యని దాని భావము.

మరి నేడు మన యెదుట నున్న మనుష్యులు ఎవరు? ఊరి పెద్దలకు పూర్వపు బలము లేదు. రాజ్యాంగము 25వ అధికరణము మనకు మత స్వాతంత్ర్య మిచ్చుచున్నది. అయితే 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకు మాత్రమే కలిగెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను గాని క్రైస్తవులకు విస్తరింపబడలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఎంచుచున్నారు. కావున ఒప్పుకోలును నేడు అడుగునది మనుష్యుడు కాదు, కాగితము. మతము అను గడిలో ఏమి వ్రాయవలెనో తోచక, బిడ్డ చదువును తలంచుకొని కలవరపడు తల్లిదండ్రులు మన సంఘములలో అనేకులు. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు అను బ్రదుకు ఇట్లు పుట్టినది.

వీరిని బలిపీఠమునుండి గద్దించుట సులభము. మేము దానిని ఒప్పము. డప్పు విడిచిన మన పితరుడు ఒంటరిగా నిలువలేదు. పల్లె యంతయు అతనితో నిలిచెను. నేడు ఒక పేద కుటుంబము నిజము వ్రాసి నష్టపోయినయెడల, ఆ బిడ్డ ఫీజును సంఘము భరించుచున్నదా? ఉద్యోగములును భూములును గల విశ్వాసులు ఆ భారమును పంచుకొనుచున్నారా? పంచుకొననియెడల, పేదవాని ధైర్యమును కొలుచు హక్కు మనకు లేదు.

న్యాయమును అడుగుటయు ఒప్పుకోలులో భాగమే. ఈ విషయమును పరిశీలించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్‌ను నియమించెను. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా కలిగింపవలెనని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించెను. మన పక్షమున ఇతరులు మాటలాడుచుండగా మనమే చాటున నుండుట తగునా?

అయితే ఒక్కమాట. తన విశ్వాసమునందు నిలుచుట వేరు, పొరుగువాని విశ్వాసమును కించపరచుట వేరు. కదిరిలో నరసింహస్వామి రథము సాగు వీధిలోనే మన సోదరులకు అంగళ్లును, స్నేహితులును ఉన్నారు. మన పితరులు డప్పు మానిరి గాని ఇతరుల డప్పును పగులగొట్టలేదు.

నూరేండ్లకు పూర్వపు వారి పేరులు మనకు తెలియకపోయినను వారు చెల్లించిన వెల తెలిసినది. ఆ వెలతో కొనబడిన సంఘములో మనము సుఖముగా కూర్చుండియున్నాము. రానున్న నూరేండ్లవారు మనలను గూర్చి ఏమి వ్రాయుదురో, మన ఇంటి కాగితములును మన సంఘపు లెక్కల పుస్తకములును తేల్చును. ఒకరి భారములనొకరు మోయుచు ఒకే పేరుతో బ్రదుకు ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక.