మంచె మొదలు రాడార్ దాకా

తాండూరు ప్రాంతమున జొన్నచేను కంకి వేసిన దినములలో రైతు చేని నడుమ మంచె కట్టి, వడిసెల చేతబట్టి కావలి యుండుట మన పెద్దలెరిగినదే. పగలు పిట్టలను కన్ను పట్టును. రాత్రి పందుల అలికిడిని చెవి పట్టును. అమావాస్య చీకటిలో, హోరుగాలిలో మాత్రము కన్నును చెవియు ఓడిపోవును. ఆ ఓటమిని తీర్చుటకు మానవుడు కనిపెట్టిన సాధనములలో ఒకటి రాడార్.

ఈ చరిత్రలో రేడియోకు గల స్థానము శ్రోతలకు ఆసక్తి గొల్పును. రేడియో తరంగము ఓడను తాకి మరలివచ్చునని జర్మనీలో హ్యుల్స్‌మేయర్ 1904లోనే చూపెను. కాని ఆనాడు ఆ పరికరమును కొనువారు లేకపోయిరి. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో వాట్సన్-వాట్, విల్కిన్స్ అనువారు డావెంట్రీలోని బి.బి.సి. కేంద్రపు తరంగములనే ఆధారముగా గొని, ఎగురుచున్న విమానము జాడ కనుగొనిరి. పాటలను, వార్తలను మోసిన తరంగమే ఆ దినమున కావలి కాచినది. రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటను తీరమును కాచిన రాడార్ల వరుసకు అదియే అంకురము.

ఆకాశమును కాచిన ఆ విద్య క్రమముగా నేలకు దిగినది. విమానాశ్రయములు, ఆయుధాగారములు వంటి రక్షిత స్థలముల ప్రహరీల చెంత నేడు చిన్న రాడార్ పరికరములను అమర్చుచున్నారు. వానిలో అనేకములకు మూలము 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు డాప్లర్ ప్రతిపాదించిన సూత్రము. ఆగక పోవు రైలు కూత దగ్గరకు వచ్చునపుడు సన్నగాను, దాటినపిమ్మట బొంగురుగాను వినబడుట వికారాబాదు ప్లాట్‌ఫారము మీద నిలిచినవారికి అనుభవమే. అట్లే, కదలు మనిషిని తాకిన తరంగము కొంచెము మారి తిరిగివచ్చును. సెకనుకు వేయి కోట్ల కంపనములు గల తరంగము, సెకనుకు ఒక మీటరు చొప్పున ఎదురువచ్చు మనిషిని తాకినచో ఆ మార్పు సుమారు 67 కంపనములు. దానిని స్పీకరునకు కలిపినచో తంబురా మంద్రపు తీగెవలె మ్రోగును. గోడలు, బండలు కదలవు గనుక మార్పు రాదు. చీకటి అడ్డు కాదు. అయితే ఊగెడు కొమ్మ, పరుగెత్తు కుక్క కూడ దానికి కదలికలే.

వికారాబాదు చేరువను, పూడూరు మండలపు దామగుండము అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసిన నౌకాదళ కేంద్రమును జనులు రాడార్ స్టేషను అని పిలుచుట కద్దు. నిజమునకు అది రాడార్ కాదు. రాడార్ తరంగము పోయి, మరలివచ్చి వార్త చెప్పును. దామగుండమునకు ఉద్దేశించిన తరంగము సముద్రజలములో కొంత లోతు చొచ్చి జలాంతర్గాములకు సందేశమందించునట్టిది. దాని అలపొడవు పది కిలోమీటర్లకు మించును. అందుచేతనే ఎత్తైన స్తంభములు, విశాలమైన చోటు కావలెను. తిరునల్వేలిలో 1990లో నెలకొన్న కట్టబొమ్మన్ కేంద్రము తరువాత దేశమున ఇది రెండవది. దీనికి సుమారు 2,900 ఎకరముల అటవీభూమి కేటాయింపబడినది.

ఆ అడవిలో రామలింగేశ్వరుని ఆలయము కలదు. చెట్లు పోవుననియు, మూసీ పుట్టిన కొండలకు హాని కలుగుననియు, దైవదర్శనమునకు దారి మూతపడుననియు అనేకులు ఆందోళన చెందిరి. దేశరక్షణ అవసరమని ప్రభుత్వము పలికెను. రెండును తేలికగా త్రోసివేయదగిన మాటలు కావు.

యంత్రము కదలికను తెలుపును గాని, కదలినవాడు దొంగయో భక్తుడో తెలుపదు. మంచె మీది రైతు అలికిడి కాగానే వడిసెల విసరడు, ముందుగా “ఎవరు వారు?” అని కేకవేయును. పొరుగువాడైనచో దారి చూపును. ఏ కంచెకు ఏ కన్ను అమర్చినను, ఆ ప్రశ్న అడుగగల మనిషి దాని వెనుక ఉండవలెను.