పంటికి టోపీ

మొన్న శనివారం ఊరినుంచి అమ్మ పంపిన జంతికలు నములుతుంటే నోట్లో రాయి తగిలినట్టయింది. తీసి చూద్దును కదా, రాయి కాదు, నాలుగేళ్ళ కింద వేలు పోసి వేయించుకున్న క్యాప్! మళ్ళీ అంటించేస్తే పోలా అని ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తా. ఆవిడ లోపలి పన్ను చూసి, "అంటించినా నిలవదండీ. పన్నుని మరీ ఏటవాలుగా అరగదీశారు. తప్పు సిమెంట్‌ది కాదు, కోతది" అన్నారు.

అప్పటిదాకా క్యాప్ అంటే ఏదో ఫెవిక్విక్ వ్యవహారం అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి గూగులమ్మని పట్టుకుంటే, ఆవిడ చెప్పిన ఆ ఒక్క ముక్క వెనక చాంతాడంత చరిత్ర ఉందని తెలిసింది.

క్రీస్తు పూర్వం 7వ శతాబ్దంలోనే ఇటలీలో ఎట్రుస్కన్లు పళ్ళకి బంగారు పట్టీలు చుట్టేవాళ్ళు. అది కట్టడమే, చెక్కడం కాదు. 1728లో ఫ్రాన్సులో పియెర్ ఫోషార్, పంటివేరులో లోహపు పుల్ల దింపి దానిమీద కొత్త పన్ను నిలబెట్టడం గురించి రాశాడు. 1746లో క్లాద్ మూతోన్ బంగారు తొడుగు గురించి రాశాడు. ఐడియా ఉంది గానీ, చెక్కడం ఎలా? ఎనామెల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే డ్రిల్లుకి జేమ్స్ మారిసన్ పేటెంట్ తీసుకుంది 1871లో. నోటికి మత్తు సూది 1884 దాకా లేదు. పాపం పేషెంట్లు!

అందుకని 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో దగ్గరిదారి తొక్కారు. పన్నుని పెద్దగా చెక్కకుండానే, పల్చటి బంగారు రేకుని పంటి ఆకారంలో వంచి పైన తొడిగేసేవాళ్ళు. బయటికి ధగధగ, కింద అంచు వదులు. ఆ సందులో తిండి, క్రిములు, చీము. అసలైన "టోపీ పెట్టడం" అంటే ఇదే!

1910లో విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు మాంట్రియల్లో మెక్‌గిల్ యూనివర్సిటీకి వచ్చి, కుళ్ళు మీద బంగారం తాపడం చేస్తున్నారని దుమ్మెత్తిపోశాడు. ఆ మాట నిజమే. కానీ ఒంట్లో ఎక్కడ జబ్బొచ్చినా పళ్ళే కారణమన్న సిద్ధాంతం దాంతో ఊపందుకుంది. తర్వాత రెండు మూడు దశాబ్దాలు కీళ్ళనొప్పులకీ, ఇంకా ఏవేవో రోగాలకీ మంచి పళ్ళు కూడా పీకేశారు. నాసిరకం పని చేసింది కొందరు, పళ్ళు పోగొట్టుకుంది ఇంకెందరో.

విచిత్రమేంటంటే దారి అప్పటికే దొరికింది. 1907లో విలియం టాగర్ట్, మైనపు అచ్చుతో బంగారం పోతపోసే పద్ధతిని న్యూయార్కులో దంతవైద్యులకి చూపించాడు. మన పంచలోహ విగ్రహాల పద్ధతే! ఇక లోహాన్ని పంటికి తగ్గట్టు పోయొచ్చు. కాబట్టి పన్నుని కూడా లెక్క ప్రకారం చెక్కాలి.

ఆ లెక్క ఏంటంటే, పంటి గోడలు పైకి పోనుపోను కొంచెం సన్నబడాలి, లేకపోతే క్యాప్ దిగదు. మరీ సన్నబడితే పుట్టినరోజు టోపీలా ఇట్టే ఊడొస్తుంది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్ని ఎప్పుడైనా లాగారా? అదీ పట్టంటే! 1955లో డెన్మార్క్‌లో యోర్గెన్‌సన్ కొలిచి చూస్తే, ఎదురెదురు గోడల మధ్య వాలు 5 డిగ్రీల నుంచి 10కి పెరిగితే పట్టు దాదాపు సగానికి పడిపోయింది. నోట్లో చేత్తో అంత కచ్చితంగా చెక్కడం కష్టమే. అందుకే 2001లో గుడేకర్ బృందం 10 నుంచి 20 డిగ్రీల దాకా పర్లేదంది. కాకపోతే చెక్కాక దవడపన్ను కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు మిగలాలంది. రూట్ కెనాల్ అయిన పన్నైతే, రోకలికి పొన్నులాగా క్యాప్ అంచు గట్టి పన్నుని చుట్టూ రెండు మిల్లీమీటర్లైనా పట్టుకోవాలి.

1957లో బోర్డెన్ ఎయిరోటర్ వచ్చింది, నిమిషానికి 3 లక్షల చుట్లు. చెక్కడం తేలికైంది, ఎక్కువ చెక్కేయడం ఇంకా తేలికైంది. పంటికి కంట్రోల్ జెడ్ లేదు మరి!

1985లో జ్యూరిక్‌లో మోర్మన్ అనే దంతవైద్యుడు, బ్రాండెస్తిని అనే ఇంజనీరు కలిసి కంప్యూటర్‌తో పంటి పూరకం చెక్కించారు. ఇప్పుడు క్యాపులూ అలాగే చేస్తున్నారు. కానీ మెషిన్ స్కాన్ చేసేది డాక్టర్ చెక్కిన పన్నునే. చెత్త ఇన్‌పుట్ ఇస్తే చెత్త అవుట్‌పుట్, మనకి తెలియంది కాదుగా.

మా డాక్టరమ్మ కింది అంచు దగ్గర గోడలు నిటారు చేసి, పక్కల రెండు సన్నటి గాడులు తీసి కొత్త క్యాప్ వేశారు. ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, మనమంతా క్యాప్ మెటీరియల్ ఏంటి, వారంటీ ఎన్నేళ్ళు అని అడుగుతాం. ఈసారి చెక్కకముందే "లోపల పన్ను ఎంత మిగులుతుందండీ?" అని కూడా అడగండి. జంతికల సంగతంటారా, ఇంకో డబ్బా మిగిలే ఉంది!